కాలువ కట్టేస్తే తేదీ చెబుతారు, నెట్ కట్టేస్తే?

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రాజోలు దగ్గర పల్లెటూరు, ఇంటి నుంచే సాఫ్ట్‌వేరు ఉద్యోగం. 2022 మే నెలలో కోనసీమలో నెట్ ఆపేసినప్పుడు మీరు పడ్డ ఇబ్బంది, దాని మీద ఈ మధ్య మీ బాబాయిగారితో మళ్లీ రేగిన వాదన. "ఊళ్లు తగలబడుతుంటే నీ లాగిన్ ముఖ్యమా? తప్పు చేయనివాడికి భయమెందుకు?" అని ఆయన. "అది నా హక్కు, ఆపడానికి వాళ్లెవరు?" అని మీరు. ఎవరిది న్యాయం అని అడిగారు. మధ్యలో, మీ అమ్మమ్మగారికి వేలిముద్ర పడక రెండు నెలలుగా బియ్యం రావడం లేదని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అన్నిటికన్నా పెద్ద సంగతి నాకు అదే అనిపించింది. దాని దగ్గరకు వస్తాను.

నేను రెవెన్యూ శాఖలో 31 ఏళ్లు చేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. సర్వీసంతా డెల్టాలోనే. జనం అర్జీ పట్టుకుని బల్లకు అవతల నిలబడితే నేను ఇవతల కూర్చున్నవాణ్ణి. ఆ కుర్చీలోంచి చూసిందే చెబుతున్నాను.

నెట్ ఆపే అధికారం ప్రభుత్వానికి ఉండాలా వద్దా అన్న దగ్గర మీరిద్దరూ పట్టు పట్టారు. నా పట్టు వేరే చోట. ఏ అధికారం వాడినా వెనక ఒక కాగితం మిగలాలి. ఎవరు సంతకం పెట్టారు, ఎందుకు, ఏ ఊళ్లకు, ఎన్నాళ్లు, తప్పని తోస్తే ఎవరికి మొర పెట్టుకోవాలి. ఈ అయిదూ దాని మీద ఉండాలి. అవి లేని అధికారం ఎంత మంచివాడి చేతిలో ఉన్నా నాకు భయమే.

మనది కాలువల మీద బతికే సీమ. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసిన దగ్గర్నుంచీ మన నీళ్లు ఎవరో ఒకరు ఎత్తే షట్టరు కిందనుంచే వస్తున్నాయి. ఏటా వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. అయినా ఊళ్లో ఎవరూ గొడవ పెట్టుకోరు. ఫలానా తేదీన కడతామని నీటిపారుదల సలహా మండలిలో ముందే తేలుస్తారు, పేపర్లో వేస్తారు, మంచినీళ్ల చెరువులు నింపుకోమంటారు, మళ్లీ ఎప్పుడు వదులుతారో చెబుతారు. ఆ తేదీ దాటితే రైతులు వెళ్లి ఇంజినీరును నిలదీస్తారు, ఆయన జవాబు చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా కాలువ లస్కరు చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఉండేది. ఏ పూట ఏ తూము ఎంత ఎత్తాడో అందులో రాసుకునేవాడు. ఎందుకయ్యా ఇంత రాత అంటే, "రేపు ఎవరైనా అడిగితే నేను నోటితో చెబితే నమ్ముతారా అండీ" అనేవాడు.

అల్లరి చెప్పి రాదు కదా అంటారు మీ బాబాయిగారు. నిజమే, వరదా చెప్పి రాదు. వరదలో అర్ధరాత్రి లాకులు దించినా తెల్లారేసరికి రిజిస్టరులో ఎక్కించాల్సిందే.

2022 మే 24 సాయంత్రం నేను అమలాపురంలోనే ఉన్నాను. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద మొదలైన నిరసన చూస్తుండగానే చేయి దాటింది. రాళ్లు పడ్డాయి, బస్సులు తగలబడ్డాయి, ఒక మంత్రి ఇల్లూ ఒక ఎమ్మెల్యే ఇల్లూ కాలాయి. (ఆ పేరు పెట్టడం సరైన పనేనని నా అభిప్రాయం. చివరికి అదే ఖాయమైంది కూడా.) ఆ రాత్రి ఫోన్లలో తిరిగిన మాటలు నాకు ఇంకా గుర్తే. ఫలానా పేటలో ఇళ్ల మీద పడ్డారని ఒకటి, ఫలానా ఊరి నుంచి లారీల్లో జనం బయల్దేరారని ఇంకొకటి. నాకు వచ్చినవాటిలో సగానికి పైగా అబద్ధాలని తెల్లారాక తెలిసింది. ఆ గంటల్లో నెట్ ఆపడం తప్పని నేను అనలేను. అంతవరకు మీ బాబాయిగారి పక్కనే నిలబడతాను.

కానీ ఆ రాత్రి ఆగింది దాదాపు రెండు వారాల దాకా సాగింది. రేపొస్తుందట, ఎల్లుండొస్తుందట అనుకోవడమే తప్ప ఎప్పుడో చెప్పే నాథుడు మా వీధిలో ఎవరికీ దొరకలేదు. మీలాంటి పిల్లలు ల్యాప్‌టాపులు సంచిలో వేసుకుని గోదావరి గట్ల మీదకీ, ఎదుర్లంక వంతెన మీదుగా యానాం వైపుకీ పోవడం నేను కళ్లారా చూశాను. యానాం పుదుచ్చేరి కిందిది కాబట్టి ఏటికి ఈ ఒడ్డున లేని నెట్ ఆ ఒడ్డున ఉంది. మా మేనల్లుడికి రొయ్యల చెరువుంది. రోజూ పొద్దున్నే ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) ఎంత రేటో వాట్సాప్‌లో చూసుకునేవాడు. ఆ వారం రేటు తెలిసే దారి లేక, గట్టు మీదకొచ్చిన కొనుగోలుదారు చెప్పిన ధరకే పట్టుబడి చేసేశాడు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. నెట్ లేనప్పుడు పుకారు చావలేదు, నోటి మాటగా తిరిగింది. "అదంతా అబద్ధం" అని తహసీల్దారు ఒక సందేశం పెడదామన్నా దారి మూసుకుపోయింది.

ఇక చట్టం. అప్పట్లో ఉన్నవి టెలికాం సేవల తాత్కాలిక నిలుపుదల మీద 2017లో వచ్చిన నిబంధనలు. రాష్ట్రంలో ఆ ఉత్తర్వు ఇవ్వాల్సింది హోం కార్యదర్శి. కారణాలు రాయాలి, సమీక్షా సంఘం అయిదు పనిదినాల్లో దాన్ని చూడాలి. 2020 జనవరి 10న అనూరాధా భాసిన్ కేసులో, అంటే కాశ్మీరులో నెట్ ఆపినదాని మీద వేసిన కేసులో, సుప్రీంకోర్టు ఇంకొంచెం బిగించింది. నెట్ ద్వారా మాట్లాడుకునే స్వేచ్ఛకూ, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకూ రాజ్యాంగ రక్షణ ఉందన్నది. గడువు లేకుండా ఆపడం చెల్లదన్నది. ఉత్తర్వు ప్రచురించి తీరాలన్నది, ఎందుకంటే అది కనపడకపోతే దెబ్బతిన్నవాడు కోర్టులో దేని మీద పోట్లాడతాడు? ఆ ఏడాదే, ఒక ఉత్తర్వు 15 రోజులు మించకూడదని నిబంధన కూడా చేర్చారు. ఇప్పుడు 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం, దాని కింద 2024 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు నడుస్తున్నాయి. కారణం, ప్రాంతం, గడువు రాసి ప్రచురించాలన్నది ఇప్పుడు నిబంధనల్లోనే ఉంది.

కాబట్టి "ఆపడానికి వాళ్లెవరు" అన్న మీ మాట నిలబడదు. వాళ్లకు అధికారం ఉంది. "ఆపిన ఉత్తర్వు ఏదీ, గడువెంత, సమీక్షలో ఏం తేలింది" అని అడిగితే మాత్రం మీ కాలి కింద నేల గట్టిది.

ఈ ఏర్పాటులో నాకు నచ్చనిది ఒకటుంది. రాష్ట్రంలో సమీక్షా సంఘమంటే ముఖ్య కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, హోం శాఖ కాని మరో కార్యదర్శి. ముగ్గురూ ప్రభుత్వంవారే. పై అధికారి చేసిన సంతకాన్ని పక్క గదిలోని అధికారి తప్పని రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు, అలాంటి గదుల్లో పనిచేసినవాణ్ణి. రిటైరైన న్యాయమూర్తుల్లాంటి బయటివాళ్లు అందులో ఉండాలని పార్లమెంటు స్థాయీ సంఘం 2021 డిసెంబరు నివేదికలో చెప్పింది. దేశంలో ఎక్కడెక్కడ ఎన్నిసార్లు నెట్ ఆపారో టెలికాం శాఖ దగ్గరా హోం శాఖ దగ్గరా లెక్కే లేదని కూడా ఆ సంఘమే తప్పుపట్టింది. ఆపడం వల్ల అల్లర్లు అణిగాయా లేదా అని ఆ శాఖలు కొలవనూ లేదు. మా లస్కరు జేబులో ఉన్న నోటుబుక్కు అంత పెద్ద శాఖల దగ్గర లేకపోయింది.

"తప్పు చేయనివాడికి భయమెందుకు" అన్నదానికి నేను వాదనతో జవాబు చెప్పను, ఒక మనిషి సంగతి చెబుతాను.

నేను పనిచేసిన ఒక మండలంలో ఒక లంక రైతు ఉండేవాడు. ఎకరం 30 సెంట్లు, తాతల నాటి జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి. కూతురి పెళ్లికని అందులో 40 సెంట్లు అమ్మబోతే రిజిస్ట్రేషన్ కాదన్నారు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత భూముల జాబితా ఒకటి ఉంటుంది. ప్రభుత్వ భూములు, దేవుడి మాన్యాలు చేతులు మారకుండా ఆపడానికి పెట్టింది. ఈయన సర్వే నంబరులో ఒక్క సబ్‌డివిజను పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి. జాబితా కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఎవరో సబ్‌డివిజను వదిలేసి మొత్తం నంబరే కొట్టేశారు. ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి పాసుపుస్తకం తెరిచి పెట్టాడు. నేను తెర వైపు చూసి "కంప్యూటర్లో అలాగే ఉందండీ" అన్నాను. ఆయన కాసేపు అలాగే నిలబడి, పుస్తకం తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ చుట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

పాత అడంగల్లో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకంలో, ఒక అంకె దిద్దితే పక్కన పొట్టి సంతకం, తేదీ ఉండేవి. ఎవరు దిద్దారో, ఎప్పుడు దిద్దారో ఇరవై ఏళ్ల తర్వాత కూడా తెలిసేది. ఈ జాబితాలో ఆ నంబరు ఎవరు ఎక్కించారో, ఏ ఫైలు చూసి ఎక్కించారో నేను అడగని సెక్షన్ లేదు, దొరకలేదు. తీయించడానికి 22 నెలలు పట్టింది. ఈలోగా ఆయన అప్పు చేసి పెళ్లి చేశాడు. ఆ అప్పు తీర్చడానికి తర్వాత అవే 40 సెంట్లు వచ్చిన రేటుకి తెగనమ్ముకున్నాడు. ఆయన చేసిన తప్పేమిటో మీ బాబాయిగారిని అడగండి. యంత్రం తప్పు చేసినప్పుడు నిర్దోషికి ఉన్న ఒకే ఒక్క ఆధారం, ఆ తప్పు ఎవరిదో చూపించే కాగితం. అది లేక ఆయన 22 నెలలు తిరిగాడు.

దీన్ని న్యాయస్థానాలు ఎప్పుడో గుర్తించాయి. అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ను సవరించారు. స్టాంపు సుంకం ఎగ్గొడుతున్నారేమో చూడటానికి కలెక్టరు అధికారమిచ్చిన ఏ మనిషైనా వెళ్లి బ్యాంకుల్లాంటి చోట్ల కూడా కాగితాలు తనిఖీ చేయొచ్చు, పట్టుకుపోవచ్చు అన్నారు. కెనరా బ్యాంకు దాన్ని ఎదుర్కొంది. ఆ సవరణ చెల్లదని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరిని పంపాలో హద్దు లేదు, ఎందుకు చూస్తున్నారో కారణం రాయనక్కర్లేదు, ఖాతాదారు ఇంట్లోంచి తీసి బ్యాంకులో పెట్టినంత మాత్రాన ఆ కాగితంలోని గోప్యత పోదు అన్నది కోర్టు. సర్వీసులో ఉండగా ఆ తీర్పు మాకు ఒక శిక్షణలో చెప్పారు. పన్ను వసూలుకు అడ్డం వచ్చిందే అని ఆ రోజు విసుక్కున్నాను. లంక రైతును చూశాక అర్థమైంది.

తర్వాత 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, చేసే పని ఆ అవసరానికి మించకూడదు అని కొలత పెట్టారు. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైనవారు. 2012లో కేసు వేసేనాటికి ఆయనకు 86 ఏళ్లు. ఇదంతా కుర్రకారు ఫోను పిచ్చి అనుకునే పెద్దవాళ్లకు నేను ఈ ఒక్క సంగతి తప్పక చెబుతాను.

మీ ఊళ్లో చందాలేసి పెడుతున్న సీసీ కెమెరాల గురించి కూడా అడిగారు. పెట్టుకోండి. కొబ్బరికాయల దొంగతనాలు మా వైపూ ఉన్నాయి. ఆ బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయి, ఎన్ని రోజులకు చెరిపేస్తారు, ఎవరు అడిగితే ఇస్తారు అన్నది పంచాయతీ తీర్మానంలో రాయించండి. చెరువు మెట్ల వైపు, ఆడవాళ్లు మసిలే చోటు వైపు కెమెరా తిప్పకుండా చూడండి. "మన మిత్ర" అని 2025 జనవరి 30 నుంచి వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు ఇస్తున్నారు, అది నాకు ఇష్టమే. ధ్రువపత్రానికి మండలం దాకా పోవాల్సిన కూలి మనిషికి ఒక రోజు కూలి మిగులుతుంది. ఫోను లేని మనిషికి పాత కిటికీ తెరిచే ఉంచాలన్నదొక్కటే నా కోరిక.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కదా, ఇక దిగులెందుకు అన్నారు. అది 2023 ఆగస్టులో వచ్చింది. కంపెనీల మీద 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే బలం దానికి ఉంది, మంచిదే. కానీ 17వ సెక్షన్ ప్రకారం కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థనైనా, దేశ భద్రత, శాంతిభద్రతల్లాంటి కారణాలతో, నోటిఫై చేసి ఆ చట్టం నుంచే మినహాయించవచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకో చోటు. ఆ చట్టంలోని 44వ సెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని సవరించింది. వ్యక్తిగత సమాచారమని చెప్పి నిరాకరించాలంటే ఇదివరకు ఆఫీసరు, ప్రజా ప్రయోజనానికీ ప్రజా కార్యకలాపానికీ సంబంధం లేదనో, ఇస్తే ఒకరి గోప్యతకు అకారణంగా భంగమనో చూపించాల్సి వచ్చేది. ఇప్పుడు "వ్యక్తిగతం" అంటే చాలు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న సమాచార హక్కు చట్టం 8(2) ఇంకా ఉంది, దాన్ని పట్టుకుని వేలాడాలి. ప్రజల కాగితాలు ప్రభుత్వం చూడటం సులువైంది, ప్రభుత్వం కాగితాలు ప్రజలు చూడటం కష్టమైంది. ఇది తలకిందుల వ్యవహారం, దిద్దాలి.

ఇక అమ్మమ్మగారు. రేషను దుకాణాల్లో వేలిముద్ర యంత్రాన్ని ఉమ్మడి రాష్ట్రంలో ముందుగా పెట్టి చూసిన చోట్లలో మన తూర్పు గోదావరి జిల్లా ఒకటి, 2012లో. అంటే ఈ కష్టం మనకు అందరికన్నా ముందే తెలుసు. కొబ్బరి పీచు ఒలిచిన చేతులు, ఊడ్పుల్లో నానిన చేతులు, రొయ్యల షెడ్లలో తొక్క తీసిన చేతులు. వాటి గీతలు అరిగిపోతాయి. అది ఆవిడ కష్టానికి గుర్తు, దొంగతనానికి గుర్తు కాదు. ఆధార్ చట్టాన్ని నిలబెట్టిన 2018 సెప్టెంబరు 26 తీర్పులోనే, యంత్రం గుర్తుపట్టలేదని అర్హులకు రావాల్సింది ఆపకూడదన్న మాట ఉంది. ఆధార్ సంస్థ కూడా 2017 అక్టోబరులోనే, వేలిముద్ర పడనివాళ్లకు వేరే దారి చూపి సరుకు ఇవ్వాలని సర్క్యులర్ ఇచ్చింది. కాబట్టి "మిషను తీసుకోలేదు, పై నెల రండి" అని డీలరు పంపేయడానికి వీల్లేదు.

ఇలా చేయండి. ముందు ఆవిడను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రలు, కంటిపాప మళ్లీ నమోదు చేయించండి, ఫోను నంబరు కూడా కలిపించండి. డీలరును కంటిపాపతో గానీ ఓటీపీతో గానీ చూడమని అడగండి. ఆవిడకు 65 దాటితే సరుకు ఇంటికే తెచ్చివ్వాలన్న ఏర్పాటు మన రాష్ట్రంలో 2025 జూన్ నుంచి ఉంది, అదీ గుర్తుచేయండి. అప్పటికీ కుదరకపోతే రేషను ఫిర్యాదుల నంబరు 1967కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ పైన ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

దానితోపాటు సమాచార హక్కు దరఖాస్తు ఒకటి వేయండి. మండల స్థాయిలో అయితే రుసుము 5 రూపాయలు, ఊరి స్థాయిలో అయితే అదీ లేదు. ఫలానా కార్డుకు ఫలానా నెలల్లో సరుకు ఎందుకు ఇవ్వలేదు, ఆ నిర్ణయం ఎవరిది, ఏ ఉత్తర్వు ప్రకారం అని అడగండి. ఒక నిర్ణయం వల్ల దెబ్బతిన్న మనిషికి దాని కారణాలు చెప్పాలని ఆ చట్టం 4(1)(డి)లోనే ఉంది, ఆ అంకె వేయండి. జవాబుకు గడువు 30 రోజులు. తిండి గింజలు ప్రాణానికి సంబంధించినవే కాబట్టి 7(1) కింద 48 గంటల్లో చెప్పమని కూడా అడిగి చూడండి. ఒప్పుకోకపోవచ్చు, అడగడంలో నష్టం లేదు.

దరఖాస్తు మీ బాబాయిగారి చేత రాయించండి. ఆయన బడిపంతులుగా చేశారన్నారు కదా, మీకన్నా నాకన్నా పొందిగ్గా రాస్తారు. రాసేటప్పుడు ఆవిడ దుకాణానికి వెళ్లిన తేదీలూ, ఎన్నిసార్లు వేలు పెట్టించారో, డీలరు ఏమన్నాడో ఆవిడనే కూర్చోబెట్టి అడిగి రాయమనండి. రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్ర, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. "ఇక్కడ పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటారు, నేనూ అనేవాణ్ణి. ముద్ర పడేదాకా అక్కడే కూర్చోండి.